రిజిస్టరులో 32 గంటలు

చి. అమ్మడికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

విమాన సంస్థలో సిబ్బందికి రోస్టర్లు, అంటే డ్యూటీ పట్టికలు, వేసే విభాగంలో నీకు ఉద్యోగం వచ్చిందనీ, చేరగానే ఆ పద్ధతిని బాగుచేసే బృందంలో వేస్తున్నారనీ మీ నాన్న చెప్పినప్పటి నుంచి సత్యనారాయణపురంలో ఎదురుపడిన ప్రతివాడికీ ఆ మాట చెప్పుకుంటూ తిరుగుతున్నాను. పడుకున్నాక మాత్రం భయం వేస్తోంది. ఇరవై ఆరేళ్లు రైల్వే లాబీలో (బండి సిబ్బంది డ్యూటీ ఎక్కే, దిగే ఆఫీసు) కూర్చుని డ్రైవర్లను బండ్లకు బుక్ చేసినవాణ్ణి. అర్ధరాత్రి ఫోను మోగితే ఇప్పటికీ గుండె జారుతుంది.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. నిబంధనలు కంఠతా రావాలి: 2024లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చేసిన సవరణలతో పైలట్ల వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. అవసరమైతే పిలవడానికి స్టాండ్‌బైలో ఉంచినవాళ్లను దండగ ఖర్చు అనుకోకు. ఆ నిబంధనలకు సరిపడా పైలట్లు లేక 2025 డిసెంబరులో వేల విమానాలు రద్దయ్యాయి కదా. పైలట్లు ఒక విమానం నుంచి, క్యాబిన్ సిబ్బంది మరో విమానం నుంచి దిగి మూడోది ఎక్కేలా పెయిరింగులు (సొంత స్థావరం, అంటే బేస్, నుంచి బయల్దేరి తిరిగి చేరేదాకా ఒకరు చేసే ప్రయాణాల వరుస) అల్లకు, ఒక్క ఆలస్యం మూడింటికీ అంటుకుంటుంది. మేము లింకు అన్నదాన్నే మీరు పెయిరింగ్ అంటున్నారు, మనిషిని పని లేకుండా ప్రయాణికుడిగా మేము స్పేర్‌గా పంపడం మీకు డెడ్‌హెడ్; బేస్ నుంచి కదిలిన మనిషిని మళ్లీ బేస్‌కు చేర్చడమే ఇద్దరి పనీ.

"అదంతా కంప్యూటరు చూసుకుంటుంది" అన్నావట మీ నాన్నతో. ఆ మాటకే కోపం వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నా రిజిస్టరు కూడా అన్నీ చూసుకుంది.

ఒక మే నెలలో గూడ్సు డ్రైవరు ఒకాయన మధ్యాహ్నం 2 గంటలకు డ్యూటీ దిగాడు. హెడ్‌క్వార్టర్‌లో, అంటే సొంత స్థావరంలో, 16 గంటల రెస్టు ఇవ్వాలి కనుక మర్నాడు ఉదయం 6కి బండి రాశాను. తెల్లవారుజామున 4 గంటలకు, డ్యూటీకి పిలిచే మా కాల్ బాయ్ సైకిలు మీద వెళ్లి, తలుపు తట్టి, కాల్ బుక్‌లో సంతకం పెట్టించుకొచ్చాడు. బండి రాలేదు, మధ్యాహ్నానికి వాయిదా వేసి 10 గంటలకు మళ్లీ పంపాను. అప్పుడూ రాలేదు. రాత్రి 8కి మూడోసారి పంపాను, 10కి బండి కదిలింది. రిజిస్టరులో ఆయన రెస్టు 32 గంటలు. అంత తాజా మనిషి ఆ రోజు లాబీలో ఇంకొకడు లేడని, ఇంకో సెట్‌ను (డ్రైవరు, అసిస్టెంటు జంటను) కదపకుండా పని జరిపానని మురిసిపోయాను కూడా. 4 గంటలకు లేచినవాడు, బెజవాడ ఎండలో రేకుల ఇంట్లో పగలు కన్నుమూయలేనివాడు, అర్ధరాత్రి దాటేసరికి ఇరవై గంటలుగా మెలకువతో ఉన్నాడన్న లెక్క నాకు తట్టలేదు. రెండింటి ప్రాంతంలో ఎర్ర సిగ్నల్ ఎదురైతే అసిస్టెంటు రెండుసార్లు అరిచి చెప్పినా పలకలేదట. మూడోసారికి బ్రేకు వేశాడు. బండి సిగ్నల్‌కు ఇవతలే ఆగింది.

తిరిగొచ్చాక ఆయన నా మీద కేకలు వేయలేదు. "ఆ 32 గంటల్లో మీ కాల్ బాయ్‌కి మూడుసార్లు తలుపు తీశాను సార్" అన్నాడు, అంతే. ఆ తలుపు చప్పుడు నేను ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

2010 మే 22న మంగళూరులో 158 మందిని బలిగొన్న విమాన ప్రమాదంపై విచారణ నివేదికను పత్రికలో చదివిన నాడు నాకు అన్నం సహించలేదు. విధికి ముందు తగినంత విశ్రాంతి వ్యవధి ఉన్నప్పటికీ కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయాడనీ, లేచాక ఉండే మగత ఆయన నిర్ణయశక్తిని దెబ్బతీసి ఉండవచ్చనీ అందులో రాశారు.

కనుక మీ బృందంలో నువ్వు పట్టుబట్టవలసింది ఇది. రిపోర్టింగ్ వాయిదా పడితే గంటలు ఎలా లెక్కపెట్టాలో నిబంధనలు చెబుతాయి. ఆ మనిషిని ఎన్నిసార్లు లేపారో మీరే రాసుకోవాలి, దానికి కంప్యూటరులో ఒక గడి పెట్టించు. గంట గంటకూ జరపకుండా ఒక్కసారే ఎక్కువగా జరపండి, లేదా స్టాండ్‌బైని పిలిచి ఆయన్ను నిద్రపోనివ్వండి. ఇవాళ తెల్లవారి 5కి, ఎల్లుండి అర్ధరాత్రికి అని డ్యూటీలు ఎగరేయకండి. ఖర్చు తగ్గిందని ప్రోగ్రాము చూపినప్పుడల్లా ఎవరి నిద్రలోంచి తగ్గిందో వెతుకు.

నీకూ రాత్రి షిఫ్టులుంటాయి తల్లీ. ఇంటికి రాగానే ఫోను కట్టేసి పడుకో. తిన్నావా లేదా అని మీ అమ్మ ఉదయం పదింటికి తప్పకుండా ఫోను చేస్తుంది. సాయంత్రం దాకా చేయవద్దని నేను చెప్పి ఆపుతాను.

మీ పెదనాన్న