టేట్‌కి మీ నాన్నని తీసుకెళ్ళే ముందు

చిట్టితల్లికి పెదనాన్న దీవెనలు.

లండన్ వస్తున్న అమ్మానాన్నల్ని అక్కడి ఆధునిక కళల మ్యూజియం టేట్ మోడర్న్‌కి తీసుకెళ్దామని ఉందని, కానీ నాన్న అందరి ముందూ “ఇదీ ఒక ఆర్టేనా?” అంటాడేమోనని టెన్షన్‌గా ఉందని రాశావు. అననీ. ఆ ప్రశ్న పుట్టించాలనే చేసినవి అక్కడ చాలానే ఉన్నాయి. నువ్వు మాత్రం వెంటనే జవాబు చెప్పకు.

ముందు అమెరికన్ శిల్పి కార్ల్ ఆండ్రే ఇటుకల దగ్గరికి తీసుకెళ్ళు. ‘ఈక్వివలెంట్ ఎయిట్’ అంటారు దాన్ని. బట్టీల లోపల వాడే రకం ఇటుకలు, మొత్తం 120. వెడల్పుకి ఆరు, పొడవుకి పది, ఒకదాని మీదొకటి రెండు వరసలు. సిమెంటు లేదు, పీఠం లేదు, నేల మీద పేర్చి ఉంటాయంతే. ఎత్తు అయిదంగుళాలు. 1972లో టేట్ దీన్ని కొంది. 1976లో సంగతి పేపర్లకెక్కేసరికి, ప్రజల డబ్బుతో ఇటుకలు కొంటారా అని బ్రిటన్ అంతా ఒకటే గోల. ఒకాయనైతే వచ్చి వాటి మీద నీలం రంగు పోశాడు.

మీ నాన్న ఇల్లు కట్టించినప్పుడు ప్రతి లోడూ దగ్గరుండి దింపించుకున్న మనిషి. “ఇవి ఎలా పేర్చారో చూడు నాన్నా” అని అడుగు. కచ్చితంగా వంగి చూస్తాడు. గోడ కట్టేటప్పుడు పై వరస అతుకు కింది అతుకు మీద పడకుండా మేస్త్రీ చూస్తాడు కదా, ఇక్కడ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పెట్టారని మీ నాన్నే నీకు చెప్తాడు. ఇవి దేన్నీ మొయ్యక్కర్లేదు మరి.

అప్పుడు మిగతాది నువ్వు చెప్పు. 1966లో ఆండ్రే న్యూయార్క్ గ్యాలరీలో ఇలాంటివి ఎనిమిది పరిచాడు. అన్నిట్లోనూ 120 ఇటుకలే, రెండు వరసలే. ఒకటి సన్నగా పొడుగ్గా, ఇంకోటి పొట్టిగా వెడల్పుగా ఉంటుంది. కంటికి ఒకటి పెద్దదిగా, ఒకటి చిన్నదిగా కనిపిస్తాయి గానీ లెక్కకి అన్నీ సమానమే. సరస్సులో పడవ మీద పోతుంటే, తన శిల్పం నీళ్ళంత మట్టంగా ఉండాలని ఆయనకి తోచిందట. ఆ న్యూయార్క్ ప్రదర్శనలో అమ్ముడుపోని ఇటుకల్ని వాపసిచ్చేసి, 1969లో వేరే ఇటుకలతో మళ్ళీ చేశాడు. అంటే ఇప్పుడు టేట్‌లో ఉన్నవి మొదటి ఇటుకలు కూడా కావు.

శిల్పమంటే శిల్పి చెయ్యి పడాలని, తలెత్తి చూసేలా ఉండాలని మనం అనుకుంటాం. ఇక్కడ చెక్కినదేమీ లేదు, చూడాలంటే తల వంచాలి. ఏ ఇటుక, ఎన్ని, ఎలా పేర్చాలి అన్న నిర్ణయం ఒక్కటే ఆండ్రేది. శిల్పమనడానికి అది చాలుతుందా అన్నదే అసలు గొడవ. నాకు చాలు. మీ నాన్నకి చాలకపోవచ్చు. నిదానంగా చూశాక నచ్చలేదంటే ఆ మాటకి విలువుంది, ఒప్పించాలని చూడకు.

డబ్బు సంగతి మాత్రం ముందే ఎత్తకు. ఇటలీ కళాకారుడు కాటెలాన్ గోడకి టేపుతో అంటించిన అరటిపండు 2024లో 62 లక్షల డాలర్లకి పోయింది. దాంతో అందరూ ధర గురించే మాట్లాడుతున్నారు, పండుని చూసేవాళ్ళు లేరు.

అలాగని జనానికి కోపం వచ్చిన ప్రతిచోటా జనానిదే తప్పని వాదించకు. 1981లో న్యూయార్క్‌లో ప్రభుత్వ ఆఫీసుల ముందున్న ఫెడరల్ ప్లాజాలో రిచర్డ్ సెర్రా 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తున్న ఉక్కు గోడ నిలబెట్టాడు. అక్కడి ఉద్యోగులు రోజూ దాన్ని చుట్టుకుని పోవాల్సి వచ్చింది. దాన్ని ఉంచాలా తీసెయ్యాలా అని 1985లో జరిగిన విచారణలో ఉంచమన్నవాళ్ళే ఎక్కువ, అయినా 1989లో తీసేశారు. సెర్రా గొప్ప శిల్పి, అయినా నేను ఆ ఉద్యోగుల వైపే. గ్యాలరీకి మన ఇష్టంతో వెళ్తాం. ఆఫీసుకి వెళ్ళే దారిలో ఆ వీలేదీ?

ఇటుకలు ఇప్పుడు ప్రదర్శనలో ఉన్నాయో లేదో వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరు, అన్నీ ఎప్పుడూ బయట పెట్టరు. టేట్ సొంత సేకరణ చూడ్డానికి టికెట్ లేదు కాబట్టి ఒక్కరోజులో అంతా తిప్పెయ్యాలనుకోకు. మీ అమ్మ మోకాళ్ళకి నాలుగు గదులే ఎక్కువ. నాన్న ఏమన్నాడో నాకు రాయి, తిట్టినా సరే.

మీ పెదనాన్న