రాయి పుట్టిన చోటు వెతకాలంటే జియాలజీ మానొద్దు

ప్రశ్న: బీఎస్సీ జియాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. రాతియుగం మనుషులు పనిముట్లకు రాయి ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు, ఎవరెవరి మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు నడిచాయి అన్నది పరిశోధించాలని ఉంది. హిస్టరీ చదవలేదని టెన్షన్‌గా ఉంది. ఇప్పుడే కోర్సు మారమంటారా?

జవాబు: మారొద్దు. ఈ పనికి కావాల్సిన చదువులో సగం మీరు ఇప్పటికే చదువుతున్నారు. డిగ్రీ పూర్తిచేసి పీజీలో ఆర్కియాలజీకి వెళ్లండి.

అబ్సిడియన్‌నే తీసుకోండి. లావా స్ఫటికాలు కట్టేలోపే గట్టిపడితే తయారయ్యే నల్లటి గాజు అది. పగలగొడితే అంచు బ్లేడులా ఉంటుంది. చూపుకు అన్నీ ఒకేలా కనిపించినా రుబీడియం, స్ట్రాన్షియం, జిర్కోనియం లాంటి మూలకాల పాళ్లు ఒక్కో అగ్నిపర్వతానికి ఒక్కోలా ఉంటాయి. మధ్యధరా ప్రాంతపు అబ్సిడియన్‌ను ఇలా మూలకాలను బట్టి విడదీయవచ్చని కాన్, రెన్‌ఫ్రూ అనే పరిశోధకులు 1964లో చూపించారు. గ్రీస్‌లోని ఫ్రాంక్తీ గుహలో దొరికిన ముక్కలు మెలోస్ దీవివని తేలింది. అంటే అక్కడికి వ్యవసాయం రాకముందే, మంచుయుగం చివర్లోనే మనుషులు సముద్రం దాటి ఈ రాయి తెచ్చుకున్నారు. వాళ్ల పడవలు మనకు దొరకలేదు, ఆ ప్రయాణం సంగతి చెప్పింది ఈ ముక్కలే. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ల్యాబ్‌లో పని ఇలా ఉంటుంది. గోరంత ముక్కను శుభ్రం చేసి ఎక్స్‌రేలతో మూలకాల పాళ్లు కొలిచే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రం ముందు పెడితే నిమిషాల్లో అంకెలు వస్తాయి, ముక్క మీద గీత కూడా పడదు. కానీ ముక్క మరీ పలుచనైతే లెక్క తప్పుతుంది. ఆ తప్పు పట్టుకోవడానికి కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ రావాలి. పుట్టిన చోటు కనిపెట్టడంలో చెకుముకి రాయి మరీ మొండిది, ఒకే పొరలోనే దాని కూర్పు మారిపోతుంటుంది.

ఇంకో సంగతి. యంత్రం రాయి పుట్టిన చోటే చెబుతుంది. ఒక మనిషే వెళ్లి తెచ్చాడా, చేయీ చేయీ మారుతూ వచ్చిందా అన్నది చెప్పదు. అక్కడ ముడి గడ్డలు దొరికాయా, తయారైన బ్లేడులే దొరికాయా, చెక్కగా రాలిన పెచ్చులు ఉన్నాయా, దూరం పెరిగేకొద్దీ రాయి ఎంత తగ్గింది అని చూసుకుంటూ పోవాలి. మీకు లోటు ఉన్నది ఇక్కడే, హిస్టరీ డిగ్రీ లేకపోవడంలో కాదు. సెలవుల్లో ఏదైనా తవ్వకంలో వాలంటీరుగా చేరితే ఈ లోటు తీరుతుంది.

ఉద్యోగాల సంగతి దాచను. అచ్చంగా ఈ పనికే ఉండే పోస్టులు తక్కువ, పీహెచ్‌డీ దాకా వెళ్లక తప్పదు. అయితే ఇవే యంత్రాలు గనుల ల్యాబుల్లోనూ, మ్యూజియంలలోనూ ఉంటాయి కాబట్టి నేర్చుకున్నది వృథా కాదు. ఈ ఏడాదికి మాత్రం పెట్రాలజీ (రాళ్ల అధ్యయనం) ప్రాక్టికల్ ఒక్కటీ వదలకండి, వీలుంటే స్టాటిస్టిక్స్ పేపర్ తీసుకోండి.