పెద్ద సంఖ్యను విడగొట్టే ముందు

చి. మనవరాలికి ఆశీస్సులు.

1234567890 కారణాంకాలు ఎలా తీయాలని అడిగావు. 2 నుంచి వరసగా ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించుకుంటూ పోయినా వస్తాయి, కాదనను. కాకపోతే 500 దాకా భాగహారాలు వృథా అయ్యాక వస్తాయి. ముందు సంఖ్యను కాస్త తేరిపార చూడు.

చివర సున్నా ఉంది, 2, 5 తీసెయ్. మిగిలిన 123456789 అంకెల మొత్తం 45, కాబట్టి 9 కూడా పోతుంది. 13717421 మిగిలింది. దీని అంకెలు కూడితే 26, ఇక 3తో పని లేదు. 7, 11, 13లను కలిపి ఒకేసారి పరీక్షించవచ్చు. ఆ మూడూ గుణిస్తే 1001 గనుక, కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ రా: 421 − 717 + 13 = −283. 283ని ఆ మూడిట్లో ఏదీ భాగించదు, అసలు సంఖ్యనూ అంతే. మనవాళ్లు తరచూ జారేది ఇక్కడే. లక్షలు, కోట్లు అలవాటై 1,37,17,421 అని కామాలు పెట్టి ఆ ముక్కలనే కూడేస్తారు.

ఇప్పుడు గణితజ్ఞుడు ఫెర్మా చెప్పిన పద్ధతి. సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే, ఆ మూలాల తేడా ఒక కారణాంకం, మొత్తం ఇంకోటి. మన సంఖ్య వర్గమూలం 3703 దాటింది, కనుక 3704 నుంచి చూడాలి. కానీ ఆగు. 13717421ని 4తో భాగిస్తే శేషం 1. సరి వర్గానికి శేషం 0, బేసి వర్గానికి 1. అందుకని పెద్ద మూలం బేసే కావాలి, 3704ను ముట్టుకోనక్కర్లేదు. 3705 వర్గం 13727025. అందులోంచి మన సంఖ్య తీసేస్తే 9604, అంటే 98 వర్గం. కారణాంకాలు 3607, 3803. ఒక్క ప్రయత్నంతో సరి!

అవి రెండూ దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టే ఇంత సులువైంది. 4294967297 మీద ఇదే ప్రయోగిస్తే 65537 దగ్గర మొదలై 3350529 దాకా నడవాలి, బేసివే చూసినా 16 లక్షలకు పైగా ప్రయత్నాలు. దాని కారణాంకాలు 641, 6700417 మరి. 641ని గణితజ్ఞుడు ఆయిలర్ 1732లో బయటపెట్టాడు. 4294967297 అంటే 2 యొక్క 32వ ఘాతానికి 1 కలిపినది; దాని ప్రధాన కారణాంకం ఏదైనా 64 గుణిజానికి 1 కలిపినదే కావాలి. 193, 257, 449, 577 తప్పాక అయిదోది 641. సంఖ్య ఎలా పుట్టిందో తెలిస్తే ఏ పద్ధతి పట్టాలో తెలుస్తుంది.

3607, 3803 ప్రధాన సంఖ్యలేనని తేల్చకుండా పెన్ను కింద పెట్టకు. 13 దాకా ముందే తేలిపోయింది గనుక 17 నుంచి మొదలుపెట్టు. 3607కు 59 దాకా, 3803కు 61 దాకా చాలు.

ఇప్పుడు 1234567890 = 2 × 3² × 5 × 3607 × 3803 అని తేలింది. దాని భాజకాలు ఎన్నో తెలియాలంటే ఒక్కో ఘాతాంకానికి 1 కలిపి గుణించు: 2 × 3 × 2 × 2 × 2 = 48. ఆ భాజకాలన్నిటి మొత్తం కట్టాలంటే ఒక్కో ప్రధాన సంఖ్యకు 1 కలిపి గుణించాలి, 9 దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ వేయాల్సింది 1 + 3 + 9 = 13, మధ్యలో 3ని మరిచి 10 వేస్తారు. 3 × 13 × 6 × 3608 × 3804 చేస్తే 3211610688 రావాలి. చేత్తోనే చెయ్యి తల్లీ, ఫోన్ తియ్యకు.

మీ తాతయ్య