ఎస్తోనియా పోలీసు బెటాలియన్లలో పనిచేసిన ప్రతివాడూ చట్టం దృష్టిలో నేరస్థుడేనా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నేను ఉద్యోగరీత్యా ఎస్తోనియా రాజధాని టాలిన్‌లో ఉంటున్నాను. మా ఇంటి యజమాని తండ్రి రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ల కింద ఒక పోలీసు బెటాలియన్‌లో పనిచేశారట. ఆయన్ను బలవంతంగా చేర్చుకున్నారని, పైవాళ్లు చెప్పిన పనే చేశారని యజమాని అంటారు. ఆ బెటాలియన్లు నాజీ పార్టీ సాయుధ సంస్థ అయిన ఎస్‌ఎస్‌లో భాగమని, ఎస్‌ఎస్‌ను యుద్ధానంతరం నాజీ నేతలను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టు నేరసంస్థగా ప్రకటించింది కనుక అందులో ఉన్నవాళ్లంతా యుద్ధ నేరస్థులేనని మా ఆఫీసులో ఒకాయన వాదన. అలాగైతే మన ఆజాద్ హింద్ ఫౌజ్ సంగతేమిటని నేను అడిగాను. చట్టప్రకారం ఎవరి మాట సరైనది? ఇన్నేళ్ల తర్వాత కూడా కేసు నడుస్తుందా? కుటుంబానికి ఏదైనా బాధ్యత ఉంటుందా? – ఒక పాఠకుడు, టాలిన్

జవాబు: మీ సహోద్యోగి న్యూరెంబర్గ్ తీర్పును ప్రస్తావించారు గానీ, దాని షరతులను వదిలేశారు. 1946 సెప్టెంబరు 30, అక్టోబరు 1 తేదీల్లో వెలువడిన ఆ తీర్పు ఎస్‌ఎస్‌ను నేరసంస్థగా ప్రకటించిన మాట నిజమే. అయితే పోలీసు బలగాల విషయానికి వచ్చేసరికి, వాటిలో పనిచేస్తూ ఎస్‌ఎస్ సభ్యులుగా కూడా ఉన్నవారిని మాత్రమే ఆ ప్రకటన పరిధిలోకి తెచ్చింది. సభ్యత్వంలో ఎంపికకే తావు లేకుండా ప్రభుత్వం చేర్చుకున్నవారిని, నేరాలేవీ చేయని పక్షంలో, దాని నుంచి మినహాయించింది. ఎస్తోనియా పోలీసు బెటాలియన్లు 1941 జూలై 25న నాజీ నేత హిమ్లర్ ఇచ్చిన ఆదేశంతో ఏర్పడిన షుట్స్‌మన్‌షాఫ్ట్ అనే స్థానిక సహాయక పోలీసు వ్యవస్థకు చెందినవి. హిమ్లర్ ఎస్‌ఎస్‌కూ జర్మన్ పోలీసుకూ ఒకేసారి అధిపతిగా ఉన్నందువల్ల ఈ రెండూ ఒకటేనన్న భ్రమ కలగడం సహజం. కానీ బెటాలియన్ యూనిఫాం తొడిగినంత మాత్రాన ఎస్తోనియన్ పోలీసు ఎస్‌ఎస్ సభ్యుడైపోడు. కాబట్టి ‘బెటాలియన్‌లో ఉన్నాడు, అందుచేత నేరస్థుడు’ అన్న సూత్రం చట్టం ముందు నిలవదు.

అలాగని మీ ఇంటి యజమాని మాట పూర్తిగా నెగ్గిందని కూడా అనుకోకండి. ‘బలవంతం’, ‘పై ఆజ్ఞ’ అనేవి రెండు వేర్వేరు వాదాలు. వాటిని విడివిడిగా పరిశీలించాలి.

బలవంతం విషయంలో ముందుగా చూడవలసింది చేరిన తేదీ. 1941, 1942లలో ఏర్పడిన తొలి బెటాలియన్లలో స్వచ్ఛందంగా చేరినవారే ఎక్కువ. వారి కారణాలు అర్థం చేసుకోలేనివి కావు. 1940 జూన్‌లో సోవియట్ సేనలు దేశాన్ని ఆక్రమించాయి. 1941 జూన్ 14న ఒక్క ఎస్తోనియా నుంచే స్త్రీలు, పిల్లలు, వృద్ధులతో సహా పది వేల మందికి పైగా జనాన్ని సోవియట్ అధికారులు సైబీరియా వైపు బలవంతంగా తరలించారు. ఆ గాయం పచ్చిగా ఉండగానే జర్మన్ సేనలు వచ్చాయి. 1943 నుంచి పరిస్థితి మారింది. కొన్ని వయసుల యువకులకు పిలుపు నోటీసులు మొదలై, 1944 తొలి నెలల్లో పెద్దయెత్తున నిర్బంధ సమీకరణ జరిగింది. ఆక్రమిత ప్రాంత ప్రజలను శత్రువుకు విధేయత ప్రమాణం చేయమని నిర్బంధించరాదని 1907 నాటి హేగ్ నిబంధనల 45వ అధికరణం అప్పటికే చెబుతోంది. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 51వ అధికరణం ఇంకా ముందుకు వెళ్లి, ఆక్రమణదారు తన సాయుధ లేదా సహాయక బలగాల్లో వారిని బలవంతంగా చేర్చుకోవడాన్నే కాక, స్వచ్ఛందంగా చేరేలా ఒత్తిడి, ప్రచారం చేయడాన్ని కూడా నిషేధించింది. అంటే 1944లో నోటీసు అందుకుని చేరిన కుర్రవాడు స్వయంగా ఒక చట్ట ఉల్లంఘనకు బాధితుడే. కానీ అలా బాధితుడైన మనిషే ఆ తర్వాత మరొకరిపై నేరం చేసి ఉండవచ్చు. మొదటిది రెండోదాన్ని తుడిచివేయదు.

దీన్ని అత్యంత స్పష్టంగా చెప్పిన తీర్పు 1981లో అమెరికా సుప్రీంకోర్టు ఫెడొరెంకో కేసులో ఇచ్చింది. అందులోని వ్యక్తి ఎస్తోనియన్ కాడు. జర్మన్లకు యుద్ధ ఖైదీగా చిక్కి, నాజీల మారణ శిబిరమైన ట్రెబ్లింకాలో కాపలా పనిచేసిన ఉక్రెయినియన్. తనను బలవంతంగా పెట్టారన్నదే అతని వాదన. శరణార్థుల ప్రవేశానికి సంబంధించిన 1948 నాటి చట్టంలో, శత్రు సేనలకు సహకరించినవారి గురించి చెప్పిన చోట ‘స్వచ్ఛందంగా’ అన్న మాట ఉంది, పౌరులను హింసించడంలో తోడ్పడినవారి గురించి చెప్పిన చోట ఆ మాట లేదు. కనుక రెండో రకం వారి విషయంలో స్వచ్ఛందమా కాదా అన్న విచారణ అనవసరమని కోర్టు తేల్చి, అతని పౌరసత్వం రద్దును సమర్థించింది. అది వీసా అర్హత, పౌరసత్వాలకు సంబంధించిన తీర్పే గానీ శిక్షాస్మృతి కింద ఇచ్చిన శిక్ష కాదన్నది గుర్తుంచుకోవాలి. మన దేశంలో కూడా తక్షణ ప్రాణభయంతో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత 32వ సెక్షన్ (పాత ఐపీసీ 94) రక్షణ ఇస్తూనే, హత్యను ఆ రక్షణ నుంచి మినహాయించింది.

ఇక పై ఆజ్ఞ సంగతి. 1945 ఆగస్టు 8న లండన్‌లో సంతకాలైన న్యూరెంబర్గ్ చార్టర్ 8వ అధికరణం ప్రకారం పై అధికారి ఉత్తర్వు బాధ్యత నుంచి విముక్తి కలిగించదు, శిక్ష తగ్గించడానికి మాత్రం పనికిరావచ్చు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పరచిన, ఎస్తోనియా సభ్యదేశంగా ఉన్న రోమ్ శాసనం కొంత వెసులుబాటు ఇచ్చినా, జాతి నిర్మూలనకూ మానవాళిపై నేరాలకూ ఇచ్చే ఉత్తర్వు చూడగానే చట్టవిరుద్ధమని తెలిసేదేనని 33వ అధికరణంలో తేల్చిచెప్పింది. భారతదేశం ఆ శాసనంలో చేరలేదు.

కాబట్టి అసలు ప్రశ్న ఆ బెటాలియన్ ఏ రోజున ఎక్కడ ఉంది, అక్కడ ఆ మనిషి ఏం చేశాడు అన్నది. ఈ బెటాలియన్లన్నీ ఒకే పని చేయలేదు. కొన్నింటిని యుద్ధరంగానికీ, కొన్నింటిని కాపలా పనులకూ, కొన్నింటిని గెరిల్లాల వేటకూ పంపారు. ఎస్తోనియా అధ్యక్షుడు లెన్నార్ట్ మేరి ఈ నేరాల పరిశీలనకు 1998లో నియమించిన, ఫిన్లాండ్ దౌత్యవేత్త మాక్స్ యాకబ్‌సన్ అధ్యక్షత వహించిన అంతర్జాతీయ కమిషన్, 1942 ఆగస్టు 7న బెలారస్‌లోని నోవోగ్రుడోక్ పట్టణంలో అప్పటికి మిగిలిన యూదులను పోగుచేసి కాల్చిచంపడంలో 36వ బెటాలియన్ పాల్గొన్నదని నిర్ధారించింది. 287వ బెటాలియన్ వారు ఎస్తోనియాలోని క్లోగా నిర్బంధ శిబిరానికి కాపలా ఉన్నారు. 1944 సెప్టెంబరు 19న, సోవియట్ సేనలు సమీపిస్తుండగా, అక్కడ దాదాపు 2,000 మంది ఖైదీలను చంపారు. అయితే కమిషన్ న్యాయస్థానం కాదు. అది బెటాలియన్ గురించి చెప్పగలదు గానీ, వంటశాలలో ఉన్నవాడికీ తుపాకి పేల్చినవాడికీ తేడా కోర్టు మాత్రమే సాక్ష్యంతో తేల్చాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎస్‌ఎస్ యుద్ధ విభాగమైన వాఫెన్ ఎస్‌ఎస్‌లోని బాల్టిక్ (ఎస్తోనియా, లాత్వియా ప్రాంతపు) దళాలు జర్మన్ ఎస్‌ఎస్ కంటే ఉద్దేశంలోనూ భావజాలంలోనూ వేరని 1950 సెప్టెంబరులో అమెరికా శరణార్థుల కమిషన్ ప్రకటించింది. దాన్ని చాలామంది అందరికీ ఇచ్చిన నిర్దోషిత్వ పత్రంగా చూపుతుంటారు. అది వలస అర్హత కోసం చేసిన నిర్ణయం, పైగా అది మాట్లాడింది వాఫెన్ ఎస్‌ఎస్ దళాల గురించి. పోలీసు బెటాలియన్‌లో ఒక వ్యక్తి చేసిన పనికి అది జవాబు కాదు.

ఆజాద్ హింద్ ఫౌజ్‌తో పోలిక సగం వరకే పనికొస్తుంది. 1945లో ఎర్రకోటలో షా నవాజ్ ఖాన్, సహగల్, ధిల్లాన్‌లపై నడిచిన విచారణలో ప్రధానాభియోగం చక్రవర్తిపై యుద్ధం చేశారన్నది. అంటే విధేయత ఎవరికన్న తగవు. అణగారిన జాతికి స్వాతంత్ర్యం కోసం పోరాడే హక్కుందని నిందితుల తరఫు న్యాయవాది భూలాభాయ్ దేశాయ్ వాదించింది దానికి జవాబుగానే. సోవియట్ కోర్టులు ఎస్తోనియన్లపై మోపిన ‘మాతృభూమి ద్రోహం’ అభియోగానికి కూడా ఆ తరహా వాదన బలంగా వర్తిస్తుంది, ఎందుకంటే ఎస్తోనియాను సోవియట్ యూనియన్‌లో కలిపిన 1940 విలీనాన్ని అమెరికా వంటి దేశాలు చట్టబద్ధమని ఏనాడూ ఒప్పుకోలేదు. కానీ నోవోగ్రుడోక్‌లో నిరాయుధులను కాల్చడానికి ఏ జెండా కింద నిలబడ్డాడన్నది జవాబు కాజాలదు.

కాలదోషం విషయానికొస్తే, ఇటువంటి నేరాలకు కాలపరిమితి వర్తించరాదన్న 1968 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో భారతదేశం, ఎస్తోనియా రెండూ ఉన్నాయి. జర్మన్ల కాలంలో ఎస్తోనియాలోని టార్టు నిర్బంధ శిబిరంలో అధికారిగా ఉండి, తర్వాత అమెరికాలో స్థిరపడిన కార్ల్ లిన్నస్ ఉదంతం చూడండి. 1962లో సోవియట్ కోర్టు అతని పరోక్షంలో మరణశిక్ష వేసింది. విచారణ మొదలుకాకముందే తీర్పు గురించి ఒక సోవియట్ న్యాయపత్రిక రాసేసింది కూడా! అమెరికా కోర్టులు తమ ముందున్న సాక్ష్యాన్ని విడిగా తూచి, 1981లో పౌరసత్వాన్ని రద్దుచేయగా, 1987లో అతన్ని సోవియట్ యూనియన్‌కు పంపారు. అదే ఏడాది అతను లెనిన్‌గ్రాడ్‌లో మరణించాడు. అయితే నిందితుడు మరణించాక క్రిమినల్ కేసు నిలవదు. మీ యజమాని తండ్రి గతించి ఉంటే విచారణకు తావే లేదు, కుమారుడికి ఎటువంటి బాధ్యతా ఉండదు.

నిజం తెలుసుకోవాలన్న కోరిక ఆ కుటుంబానికే ఉంటే, ఎస్తోనియా జాతీయ అభిలేఖాగారంలో సోవియట్ భద్రతా విభాగం నాటి విచారణ ఫైళ్లు కూడా ఉన్నాయి, వెతకమనండి. వాటిలోని ఒప్పుకోలు వాంగ్మూలాలను నిర్బంధంలో రాయించినవిగానే భావించి, ఇతర పత్రాలతో సరిపోల్చుకోవాలి. ముందుగా బెటాలియన్ సంఖ్య, చేరిన తేదీ, ఆయన హోదా, ఆ కాలంలో ఆ దళం ఉన్న ఊరు, ఈ నాలుగింటినీ రాసిపెట్టుకోమనండి.