మీవారి మడత ఫోన్, మీ మీద పడిన పని

ప్రశ్న: మాది గుంటూరు. మావారికి యాభై రెండేళ్లు, మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడుపుతున్నారు. మునుపు రాత్రి ఒంటిగంట దాకా ధరల గ్రూపులు చూస్తూ కూర్చునేవారు. పోయిన సంక్రాంతికి స్మార్ట్‌ఫోన్‌ను కొట్టులో సొరుగులో పడేసి, వ్యాపారానికి ఇది చాలంటూ నోకియా 2660 ఫ్లిప్ అనే మడత ఫోన్ కొనుక్కున్నారు. అప్పటి నుంచి సరుకు కొనే, అమ్మే పార్టీల ఫొటోలు, లారీ రసీదులు, డబ్బు పంపమనే కబుర్లు అన్నీ నా ఫోన్‌కే వస్తున్నాయి. నేను గదిలోకి వెళ్లగానే ఆయన ఫోన్ టప్పున మూసేస్తారు. నాన్న వీడియో కాల్‌లో కనిపించడమే మానేశారని బెంగళూరులో ఉన్న మా అమ్మాయి బాధపడుతోంది. ఆయన నిద్ర బాగుపడింది, పెందలాడే ఇంటికి వస్తున్నారు, నిజమే. నాకు మాత్రం అది అనుమానమో కోపమో తెలియడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు వచ్చింది కోపమే, అది న్యాయమైన కోపమేనని నాకు అనిపిస్తోంది. అయితే మనసులో అనుమానం ముల్లులా ఉన్నంతవరకు ఆ కోపాన్ని సరిగా చెప్పడం మీకు సాధ్యపడదు కనుక ముందు దాని సంగతి చూద్దాం.

మడత ఫోన్ వాడేవారికి మూత తెరవడమంటే మాట మొదలుపెట్టడం, మూయడమంటే ముగించడం. స్మార్ట్‌ఫోన్‌లో ఎర్ర గుర్తు మీద వేలు పెట్టి చేసే పనిని ఇందులో మూత చేస్తుంది, పైగా చప్పుడు చేస్తూ చేస్తుంది. మీరు గదిలోకి వెళ్లేసరికి ఆయన మాట ముగించి మీవైపు తిరిగే అలవాటున్న మనిషైతే, ఆ టప్పుమనే శబ్దం ప్రతిసారీ మీ రాకతోనే కలిసి వినిపిస్తుంది. మరి మీరే రాసిన మిగతా సంగతులు చూడండి. ఆయన పెందలాడే ఇల్లు చేరుతున్నారు, నిద్రపోతున్నారు, డబ్బు లెక్కలు మీ చేతి మీదుగానే నడుస్తున్నాయి. ఏదైనా దాచదలచుకున్న మనిషి తన వ్యాపార కబుర్లన్నీ భార్య ఫోన్‌కు మళ్లించడు. అయినా మనసు ఒప్పుకోకపోతే ఆయన స్నానానికి వెళ్లినప్పుడు కాల్స్ జాబితా వెతకకండి. "మీరు అలా మూసేస్తే నాకు కష్టంగా ఉంటోంది, ఎవరితో మాట్లాడారో ఒక మాట చెప్పండి" అని నేరుగా అడగండి. దానికి ఆయన చిరాకుపడి, చెప్పకుండా వారాల తరబడి దాటవేస్తుంటే అప్పుడు మళ్లీ రాయండి, అది వేరే సంగతి అవుతుంది.

ఇక మీవారి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. 1996లో మోటరోలా స్టార్‌టాక్ వచ్చిన రోజుల్లో మడత ఫోన్ వ్యాపారస్తుల జేబులో హోదాకు గుర్తుగా ఉండేది, వ్యాపారాన్ని ఎక్కడికి పోతే అక్కడికి వెంట తీసుకుపోవడానికే దాన్ని కొనేవారు. ఈనాడు మీవారి లాంటివారు అదే ఆకారంలో ఉన్న ఫోన్‌ను వ్యాపారం రాత్రి మంచం దాకా రాకుండా ఆపడానికి కొంటున్నారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రోజుకు లక్ష టిక్కీలకు (మిర్చి బస్తాలకు) పైగా దిగే యార్డులో, తేజ రకం మిర్చి విదేశాలకు ఏ ధరకు పోతోందో, శీతల గిడ్డంగుల్లో ఎంత సరుకు ఉందో క్షణక్షణం గ్రూపుల్లో పడుతుంటే, చూడకపోతే నష్టపోతామనే భయం మనిషిని పడుకోనివ్వదు. ఆ భయం నుంచి బయటపడటానికి ఆయన దారి వెతుక్కున్నారు, అది పనిచేసింది కూడా. కాబట్టి "ఆ ఫోన్ పారేయండి, పాతది తీయండి" అని మాత్రం పట్టుబట్టవద్దని నా మనవి. అలా గెలిచినా ఆయన నిద్ర పోతుంది, దాంతోపాటు మీ నిద్ర కూడా.

కానీ అమ్మా, ఆ ఫోన్ చేయలేని పనులు ఎక్కడికీ పోలేదు. లోపల 2.8 అంగుళాల తెర, బయట సమయమూ పిలిచేవారి పేరూ చూపే ఇంకా చిన్న తెర, 0.3 మెగాపిక్సెల్ కెమెరా ఉన్న ఆ ఫోన్‌లో వాట్సాప్ ఉండదు. సంచిలోంచి తీసిన దోసెడు కాయలను దాంతో ఫొటో తీస్తే రంగు పోయిన తాలు కాయకూ మంచి కాయకూ తేడా తెలియదు. ఒక్కో అక్షరానికి ఒకే మీటను మూడేసిసార్లు నొక్కుతూ నాలుగు మాటల జవాబు రాసేలోపు ఎదుటివాడు ఇంకో కొట్టుకు పోతాడు. ఇన్ని పనులూ ఎవరో ఒకరు చేయాలి కదా, ఆ ఎవరో ఒకరు మీరయ్యారు. "వదినా, అన్నయ్యకు ఈ ఫొటో చూపించండి" అని ఒక పార్టీ, "అక్కా, రసీదు పంపాను చూడండి" అని ఒక లారీ ఆఫీసు, మీరు పొయ్యి మీద పప్పు పెట్టి తడి చేయి కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకోవడం నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. ఆయన ప్రశాంతతకు వెల మీరు చెల్లిస్తున్నారు, చెల్లిస్తారా అని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీ మనసు కష్టపెట్టుకున్నది దీనికేనని నేను నమ్ముతున్నాను, ఆయనతో మాట్లాడవలసింది కూడా దీని గురించే.

మాట్లాడేటప్పుడు ఫిర్యాదుతో పాటు ఒక ఏర్పాటు కూడా మీ చేతిలో ఉంటే ఆయన వింటారు. సొరుగులో ఉన్న స్మార్ట్‌ఫోన్‌ను కొట్టు ఫోన్‌గా మార్చమనండి. దానికి వేరే సిమ్ తీసుకుని, ఆ నంబరుతోనే వాట్సాప్ ఖాతా మొదలుపెట్టమనండి. ఆయన పాత సిమ్ మాత్రం మడత ఫోన్‌లో ఆయన జేబులోనే ఉండవచ్చు. కొట్టు ఫోన్‌లో వ్యాపారుల కోసం ఉన్న వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంటే కొట్టు తెరిచే, మూసే వేళలు చూపించవచ్చు, ఆ వేళలు దాటాక వచ్చిన కబుర్లకు రేపు ఉదయం చూస్తామనే జవాబు దానంతటదే పోయేలా చేయవచ్చు. ఫొటోలు చూడటం, రసీదులు దాచడం గుమాస్తా పని. ఫోన్ రాత్రికి కొట్టులోనే ఉంటుంది, కనుక ఆయన నిద్రకూ ఢోకా లేదు.

డబ్బు సంగతి ఇంతకంటే ముఖ్యం. బ్యాంకులో నమోదైన నంబరు సిమ్ ఏ ఫోన్‌లో ఉందో ఆ ఫోన్‌లోనే యూపీఐ యాప్‌ను నమోదు చేయాలి. ఆయన సిమ్ మడత ఫోన్‌లోకి మారిపోయింది, అందుకే "నీ ఫోన్ నుంచి పంపించు" అనే మాట రోజూ మీ చెవిన పడుతోందని నా ఊహ. కొట్టు డబ్బు మీ సొంత పొదుపు ఖాతా గుండా రావడం, పోవడం మీ ఇద్దరికీ మంచిది కాదు. రేపు లెక్కలు చూసే ఆడిటరు అడిగితే ఏది ఇంటిదో ఏది కొట్టుదో మీరే విడదీసి చెప్పవలసి వస్తుంది. ఆ పని ఈ వారమే ఆపండి. చిన్న మొత్తాలకు మామూలు ఫోన్ల కోసం 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే ఆయన ఫోన్‌లోనే పనిచేస్తుంది. పెద్ద మొత్తాలు ఎలాగూ బ్యాంకు ద్వారానే పోవాలి. ఓటీపీలు ఎస్సెమ్మెస్‌గా ఆయన ఫోన్‌కే వస్తాయి కనుక వాటికోసం మీ నంబరు ఎక్కడా ఇవ్వనక్కరలేదు.

అమ్మాయి బాధ తీర్చడం తేలిక, కాకపోతే దానికి ఆయనే పూనుకోవాలి. ఆమె పంపే ఫొటోలు మీ ఫోన్‌లో మీరొక్కరే చూసి ఊరుకుంటున్నారేమో గమనించండి. ఆదివారం ఒక వేళ అనుకుని మీ ఫోన్‌లో ముగ్గురూ వీడియోలో మాట్లాడుకోండి, ఆ వేళ ఆయన మీ పక్కన కూర్చోవాలి. తక్కిన రోజుల్లో రాత్రి భోజనమయ్యాక ఆయనే మూత తెరిచి కూతురికి ఫోన్ చేయాలి. తెర చూసుకుంటూ పరధ్యానంగా ఊఁకొట్టే తండ్రి కంటే, చెవికి ఆనించుకుని చెప్పింది చెప్పినట్టు వినే తండ్రి ఆ పిల్లకు ఎక్కువ దగ్గరవుతాడు.

ఇవన్నీ యార్డు నడిచే రోజుల్లో సాయంత్రం అలసి వచ్చిన మనిషి ముందు పెట్టకండి. వారాంతపు సెలవు నాడు, కాఫీ వేళ, మీ ఫోన్‌లో ఆ వారం వచ్చిన పార్టీల కబుర్లన్నీ తెరిచి ఆయన చేతిలో పెట్టండి. తను పక్కన పెట్టేసిన బరువు ఎంతో ఆయన తన కళ్లతో చూడటం అవసరం. "మీరు హాయిగా ఉండటం నాకూ ఇష్టమే, కానీ మీ కొట్టు నా వంటింట్లోకి వచ్చింది, దాన్ని కొట్టుకే పంపాలి" అని చెప్పండి. ఆ తర్వాత ఏ పార్టీ మీకు ఫొటో పంపినా, మర్యాదగానే కానీ మారు ఆలోచన లేకుండా, "కొట్టు నంబరుకు పంపండి అన్నయ్యా" అని ఒక్క మాట రాసి ఊరుకోండి. మొదటి పది రోజులు కొందరు నొచ్చుకుంటారు, ఒకటి రెండు ఫొటోలు ఆలస్యంగా చేరి మీవారు విసుక్కోనూవచ్చు. ఆ పది రోజులూ మీరు మెత్తబడి మళ్లీ ఫోన్ అందుకోకపోతే పార్టీలు కొత్త నంబరుకు అలవాటుపడతారు.