తాతయ్య ఎక్కిన ట్రాం ఏ ఊరిది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల సిటీ బస్సుల మీద రాసిన పేజీ చూసి చాలామంది ఉత్తరాలు, మెసేజ్‌లు పంపారు. ఎక్కువమంది అడిగింది మాత్రం ట్రాం గురించి. అందుకే ఈసారి పేజీ మొత్తం ట్రాములకూ, మన ఊరి రోడ్డు ప్రయాణాలకూ ఇచ్చేశాను.

ప్రశ్న: మా తాతయ్యకు 88 ఏళ్ళు. చిన్నప్పుడు ట్రాం బండి ఎక్కానని, రోడ్డు మధ్యలోనే పట్టాలు ఉండేవని, డ్రైవరు కాలితో గంట కొట్టుకుంటూ నడిపేవాడని చెబుతుంటారు. మాది మూడు తరాలుగా హైదరాబాదే. పెద్ద వయసు కదా, ఏదో కలిపేసి చెబుతున్నారని మా అన్నయ్య అంటాడు. హైదరాబాద్‌లో నిజంగా ట్రాం ఉండేదా? తాతయ్య స్కూలు చదువు కొన్నేళ్ళు మద్రాసులో మేనమామ గారింట్లో సాగిందని మాత్రం తెలుసు. – ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

అమ్మా, జవాబు మీ ఉత్తరం చివరి వాక్యంలోనే ఉంది. హైదరాబాద్ రోడ్ల మీద ట్రాం ఎప్పుడూ నడవలేదు. మీ తాతగారు ఎక్కింది మద్రాసు ట్రాం. ఆయన ఏమీ కలిపేయలేదు, మీ అన్నయ్యకు ఈ పేజీ చూపించండి.

మద్రాసులో 1895 మే 7న కరెంటు ట్రాం మొదలైంది. దేశంలో అదే మొదటి ఎలక్ట్రిక్ ట్రాం. అప్పటికి లండన్‌లో కూడా గుర్రాలే ట్రాం పెట్టెల్ని లాగుతున్నాయి, అక్కడ కరెంటు ట్రాం పూర్తిస్థాయిలో వచ్చింది 1901లో. కలకత్తాకు 1902లో, బొంబాయికి 1907లో, ఢిల్లీకి 1908లో వచ్చింది. ఈ సంగతి చెబితే చాలామంది నమ్మరు, కలకత్తాయే ముందు అనుకుంటారు. కలకత్తా ముందున్నది గుర్రపు ట్రాం విషయంలో. 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి అర్మేనియన్ ఘాట్ దాకా మొదలుపెట్టారు, జనం ఎక్కక అదే ఏడాది నవంబరులో ఆపేశారు, మళ్ళీ 1880లో కొత్త కంపెనీ వచ్చాక గానీ నిలదొక్కుకోలేదు. బొంబాయిలో 1874లో గుర్రపు ట్రాం మొదలైనప్పుడు లాయంలో 900 గుర్రాలు ఉండేవి. వాటి దాణా, నాడాలు, వైద్యం, పేడ ఎత్తడం, ఎండకు సోలిపోతే వాటి స్థానంలో ఇంకో జతను కట్టడం, ఇదంతా తలుచుకుంటే కరెంటు రాగానే కంపెనీలు ఎందుకంత ఆత్రంగా దానివైపు వెళ్ళాయో అర్థమవుతుంది.

మద్రాసు ట్రాం 1953 ఏప్రిల్ 12న ఆగిపోయింది. కంపెనీ నష్టాల్లో మునిగిపోయింది, దాన్నే నమ్ముకున్న కార్మికులు వీధిన పడ్డారు. అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంటే తెలుగువాళ్ళకు మద్రాసు రాజధానిగా ఉన్న కాలం, మద్రాసులో ట్రాం తిరిగిన కాలం కొద్ది నెలల తేడాతో ముగిశాయి. చదువుకో, ఉద్యోగానికో, కోర్టు పనికో, సినిమాల్లో వేషానికో చెన్నపట్నం వెళ్ళిన ఆ తరం తెలుగువాళ్ళకు ట్రాం సొంత ఊరి బండిలాంటిదే. మీ తాతగారు 1953 నాటికి పదహారేళ్ళ కుర్రాడు కదా, లెక్క సరిగ్గా సరిపోతోంది.

మరి హైదరాబాద్‌కు ఎందుకు రాలేదంటే, నాకు తోచింది చెబుతాను. ట్రాముకు మొదట కావలసింది వెడల్పైన రోడ్డు. మన దగ్గర 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చి పాతనగరాన్ని ముంచేసింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు గల్లీలు తీసేయడం, పెద్ద బజార్లు వేయడం మొదలుపెట్టారు, పత్తర్‌గట్టి అలా వచ్చిందే. రోడ్లు ఒక తీరుకు వచ్చేసరికి ప్రపంచమంతా మోటారు బస్సు వైపు తిరిగింది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే వాళ్ళే రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులు, 166 మంది సిబ్బందితో సర్వీసులు నడిపారు. రైలు నడిపే ప్రభుత్వ సంస్థే బస్సూ నడిపింది, అదీ మన ప్రత్యేకత. నా దృష్టిలో ట్రాం లేకపోవడం కంటే ఇది పెద్ద విషయం. చాలా ఊళ్ళలో ట్రాం అంటే విదేశీ కంపెనీ లాభం కోసం నడిపిన వ్యాపారం, ఇక్కడ బస్సు మొదటి నుంచీ ప్రభుత్వ బాధ్యతగా పుట్టింది. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి ఇప్పటికీ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర బస్ భవన్‌లో ఉంది. తాతయ్య నడవగలిగితే ఒకసారి తీసుకెళ్ళి చూపించండి.

ఇంకో మాట. ఆయన ఎక్కడ ఎక్కేవారో, ఎక్కడ దిగేవారో, టికెట్ ఎంతో, సీట్లు చెక్కవో కాదో అన్నీ అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఇది ఊరికే చెప్పడం లేదు, మద్రాసు ట్రాం ఎక్కిన తెలుగువాళ్ళు ఇంక ఎంతోమంది మిగల్లేదు.

ప్రశ్న: ట్రాం పట్టాలు రోడ్డుకు సమానంగా ఉంటాయి, జనం వాటి మీదే నడుస్తారు కదా. మరి కరెంటు షాక్ ఎందుకు కొట్టదు? – ఇంజనీరింగ్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

మంచి ప్రశ్న తమ్ముడూ. కరెంటు వచ్చేది పైనున్న తీగలోంచి. ట్రాం నెత్తిన ఉన్న కడ్డీ ఆ తీగను తాకుతూ పోతుంది, కరెంటు మోటారులోకి దిగి, చక్రాల గుండా పట్టాలోకి వెళ్ళి, పట్టా వెంటే సబ్‌స్టేషన్‌కు తిరిగి చేరుతుంది. అంటే పట్టా తిరుగుదారి మాత్రమే. అది నేలను ఆనుకునే ఉంటుంది కాబట్టి దానికీ నువ్వు నిలబడ్డ నేలకూ మధ్య వోల్టేజి తేడా చాలా తక్కువ. దాదాపు 550 వోల్టుల డీసీ ఉన్న ప్రమాదకరమైన తీగ చేతికి అందనంత ఎత్తులో ఉంటుంది.

కానీ మద్రాసులో మొదట పెట్టింది ఈ పద్ధతి కాదు. తీగల్ని నేలకిందే దాచారు. రోడ్డులో సన్నటి గాడి తీసి, దాని అడుగున సొరంగంలాంటి కాలువలో కరెంటు కడ్డీలు పెట్టి, ట్రాం కింద నుంచి ఒక పలకను ఆ గాడిలోకి దించి కరెంటు అందుకునేవాళ్ళు. చూడటానికి రోడ్డు శుభ్రంగా ఉంటుంది, పైన తీగల గందరగోళం ఉండదు. అయితే మద్రాసు వాన సంగతి తెలిసిందే కదా, కాలువలోకి నీళ్ళు నిండితే ఇక బండి కదలదు. చివరికి ఆ పద్ధతి వదిలేసి మామూలుగా పైతీగలే వేసుకున్నారు. మన ఊళ్ళో గంట వాన పడితే రోడ్ల మీద నీళ్ళు ఎలా నిలబడతాయో తెలిసినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

పట్టా ఆకారం కూడా ఒకసారి గమనించు. రైలు పట్టాలా పైకి పొడుచుకు వచ్చి ఉంటే ఎడ్లబండ్లు, టాంగాలు దాటలేవు. అందుకే పట్టాలోనే గాడి చేసి రోడ్డులో పూడ్చేశారు, చక్రం అంచు ఆ గాడిలో దొర్లుతుంది. 1850లలో అల్ఫాన్స్ లూబా అనే ఫ్రెంచి ఆయన పారిస్‌లో ఈ పద్ధతి వేసి చూపించాడు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లితే రాపిడి చాలా తక్కువ, అందుకే గుర్రాల కాలంలోనూ గతుకుల రోడ్డు మీద లాగే బరువుకు ఎన్నో రెట్లు అదే గుర్రం పట్టా మీద లాగేది. ఇబ్బంది ఎవరికంటే సైకిల్ వాళ్ళకు. సన్న టైరు ఆ గాడిలో దిగిందంటే కిందపడటమే, అడ్డంగా దాటితే ఏమీ కాదు.

ప్రశ్న: పాత ఆర్టీసీ బస్సుల నంబర్లలో జడ్ అక్షరం ఎందుకుంటుంది? మన డబుల్ డెక్కర్లు ఏమయ్యాయి? – లాలాపేట నుంచి ఒకరు

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తల్లి జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరం అని ఊళ్ళో అందరూ చెప్పుకుంటారు. ఆర్టీసీ పాత ఉద్యోగుల నోట కూడా ఇదే మాట వింటాం. నిజాం కాలపు బస్సుల నంబర్లలోనే ఈ అక్షరం ఉంది. 1951లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చినా, 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీగా మారినా అక్షరం అలాగే కొనసాగింది. డబుల్ డెక్కర్ల గురించి కూడా అడిగారు కదా. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు వెళ్ళే 7జడ్ రూటు డబుల్ డెక్కర్‌లో పై అంతస్తు ముందు సీటు కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం. 2000ల మొదట్లో అవి పోయాయి. ఫ్లైఓవర్లు పెరిగేకొద్దీ వాటికి దారి తగ్గిపోయింది. 2023లో ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు కొన్ని టాంక్‌బండ్ చుట్టూ తిప్పారు, చూడముచ్చటగా ఉన్నాయి గానీ అవి సందర్శకుల కోసం పెట్టినవి, రోజూ ఆఫీసుకు పోయేవాళ్ళ బస్సులు కావు.

ప్రశ్న: కలకత్తాలో ట్రాములు తీసేస్తున్నారని వార్తల్లో చూశాను. ట్రాఫిక్‌కు అడ్డమైతే తీసేయడమే మంచిది కదా? నేను కూకట్‌పల్లి నుంచి రోజూ బస్సులో కోఠి వెళ్ళి వస్తాను, పోనూ రానూ మూడు గంటలు పోతుంది. ఇంత ట్రాఫిక్‌లో పట్టాలు కూడా ఉంటే ఇంకేమైనా ఉందా? – ఒక ఉద్యోగి

మీ మూడు గంటల బాధ నాకు తెలుసు, నేనూ అదే రోడ్డు మీద ఎన్నో ఏళ్ళు నిలబడి ప్రయాణం చేశాను. అయినా మీతో ఏకీభవించలేను.

2024 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం మైదాన్–ఎస్ప్లనేడ్ ముక్కను జ్ఞాపకార్థం ఉంచి మిగతా ట్రాం మార్గాలు ఆపేస్తామని చెప్పింది, విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. కారణం మీరన్నదే, ట్రాఫిక్‌కు అడ్డం. కానీ ఎవరు ఎవరికి అడ్డం వచ్చారో చూడండి. ట్రాం వేసినప్పుడు ఆ పట్టాలు దాని సొంత దారి. తర్వాత కార్లు పెరిగాయి, పట్టాల మీదికి ఎక్కాయి, ముందు ఆగిన ఒక్క కారు కోసం వెనక వందమంది కూర్చున్న ట్రాం ఆగాలి, ఎందుకంటే అది పక్కకు తప్పుకోలేదు. అప్పుడు ట్రాం నెమ్మది అన్నారు. నెమ్మదని జనం తగ్గారు, జనం తగ్గారని డబ్బు పెట్టలేదు, డబ్బు లేక పెట్టెలు పాతబడ్డాయి, పాతబడ్డాయి కాబట్టి తీసేయమన్నారు. బొంబాయిలో చివరి ట్రాం 1964 మార్చి 31న నడిచింది, ఢిల్లీలో 1963తో అయిపోయింది, అన్నిచోట్లా దాదాపు ఇదే కథ. బ్రిటన్‌లోనైతే 1870 చట్టం ప్రకారం పట్టాల మధ్య రోడ్డునూ, అటూ ఇటూ అడుగున్నర రోడ్డునూ ట్రాం కంపెనీయే బాగుచేయాలి. అంటే ట్రాం డబ్బుతో బాగుచేసిన రోడ్డు మీద బస్సులు, కార్లు ఉచితంగా తిరిగి ట్రాంను దెబ్బతీశాయి.

పారిస్ 1938 నాటికి ట్రాముల్ని పూర్తిగా తీసేసింది, 1992లో మళ్ళీ వేసుకుంది. లండన్ 1952లో తీసేసింది, 2000లో క్రోయ్‌డన్ వైపు మళ్ళీ తెచ్చుకుంది. తెచ్చుకున్నప్పుడు చేసిన ముఖ్యమైన పని ఏమిటంటే చాలా దూరం వాటికి ప్రత్యేక దారి ఇవ్వడం, కార్లు ఎక్కకుండా చూడడం.

ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. 2017 నవంబరులో మియాపూర్–నాగోల్ మధ్య మెట్రో మొదలైనప్పుడు అందరం సంతోషించాం, నేనూ మొదటి వారంలోనే ఎక్కాను. మెట్రో వేగంగా వెళ్ళేది పైన దానికి ఎవరూ అడ్డు రారు కాబట్టే. అదే రోడ్డు కింద మీ బస్సు మాత్రం ప్రతి కారు వెనకా, ప్రతి ఆటో వెనకా ఆగుతుంది. ఒక మనిషి ఉన్న కారుకూ అరవై మంది నిలబడిన బస్సుకూ రోడ్డు మీద ఒకే హక్కు ఇచ్చాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితం కావడంతో పనికి, చదువుకు బయటికి వచ్చేవాళ్ళు ఎంత పెరిగారో ఏ స్టాపులో నిలబడినా కనిపిస్తుంది. వాళ్ళందరికీ కావలసింది ఇంకో ఫ్లైఓవర్ కాదు, బస్సుకు ఒక వరుస వదిలేయడం. రంగు గీత గీసి వదిలేస్తే లాభం లేదు, వారం తిరక్కుండా దాని మీద బండ్లు పార్క్ చేస్తారు. అడ్డుగా గట్టు కట్టాలి. మీ కూకట్‌పల్లి రోడ్డులో మెట్రో స్తంభాల పక్కనే అలాంటి వరుస ఇవ్వగలమా అని నేను ప్రతిసారీ కిటికీలోంచి చూస్తూ కొలుచుకుంటాను. కొన్నిచోట్ల కష్టమే, కానీ చాలాచోట్ల వీలవుతుంది.

ప్రశ్న: మా పిల్లలకు ట్రాం ఎక్కించాలని ఉంది. ఇండియాలో ఇప్పుడు ఎక్కడ ఎక్కొచ్చు? – ఒక పాఠకురాలు, ఉప్పల్

కలకత్తా ఒక్కటే. సికింద్రాబాద్ నుంచి హౌరాకు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఉంది, హౌరాలో దిగి ఎస్ప్లనేడ్ వెళ్ళండి, ట్రాములు అక్కడికే వస్తాయి. బయల్దేరే ముందు ఆ వారం ఏ మార్గం నడుస్తోందో తప్పకుండా కనుక్కోండి, పైన చెప్పిన పరిస్థితి వల్ల ఎప్పుడు ఏది ఆగుతుందో తెలియదు. పొద్దున్నే అయితే రద్దీ తక్కువ. పిల్లల్ని డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టండి, అక్కడి నుంచి రోడ్డులో పూడ్చిన పట్టాలు ముందుకు సాగిపోవడం బాగా కనిపిస్తుంది. దిగేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకోండి, ట్రాం రోడ్డు మధ్యలో ఆగుతుంది, ఎడమవైపు నుంచి బండ్లు దూసుకొస్తుంటాయి.