టెక్ సందేహాలు: మైనస్ 48 వోల్టులకు ఎర్ర తీగ ఎటు?

ప్రశ్న: గాజువాకలో కేబుల్, ఇంటర్నెట్ కనెక్షన్లు నడుపుతున్నాం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఓఎల్‌టీకి (ఇళ్లకి ఫైబర్ ఇంటర్నెట్ పంచే పెట్టె) డీసీ ఇన్‌పుట్ మాత్రమే ఉంది, ఏసీ లేదు. మైనస్ 48, ఆర్‌టీఎన్ అని రెండు జతల టెర్మినళ్లు, ఏ, బీ అని రాసి ఉన్నాయి. ఆఫీసు ఇన్వర్టర్‌కి నాలుగు 12 వోల్టుల బ్యాటరీలున్నాయి. వాటి నుంచే లైను లాగొచ్చా సార్? ఎర్ర తీగ ఎటు ఇవ్వాలి?

జవాబు: ఈ ఎర్ర తీగ గొడవ ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ వస్తూనే ఉంది. రంగును పక్కనపెట్టి మీటరు తీయండి. టెలికాం సరఫరాలో ఎర్త్ అయ్యేది ప్లస్, అదే ఆర్‌టీఎన్, అంటే రిటర్న్. భూమిలోని రాగి కేబుళ్లు తుప్పుకి తినేసిపోకుండా పాత టెలిఫోన్ రోజుల్లో చేసిన ఏర్పాటు ఇది. నల్ల ప్రోబ్ ఎర్త్ బార్‌కి, ఎర్ర ప్రోబ్ సరఫరా తీగకి ఆనిస్తే, బ్యాటరీలు ఫ్లోట్‌లో (నిండాక అలాగే నిలిపి ఉంచే ఛార్జింగ్‌లో) ఉన్నప్పుడు సుమారు మైనస్ 54 చూపాలి. మైనస్ గుర్తు లేకుండా 54 కనబడితే అక్కడే ఆగిపోండి.

ఇన్వర్టర్ బ్యాటరీల నుంచి మాత్రం లాగొద్దు. ఇన్వర్టరో, సోలార్ కంట్రోలరో ఆ బ్యాటరీల మైనస్‌ని ఇప్పటికే ఎర్త్‌కి కలిపి ఉంటే, మీరు ప్లస్‌ని ఎర్త్ చేసిన క్షణంలో బ్యాంకు మొత్తం షార్ట్. అలాంటప్పుడు 100 ఏహెచ్ లెడ్ బ్యాటరీ వెయ్యి ఆంపియర్లకు పైగా కక్కగలదు. విడిగా 48 వోల్టుల రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చే పెట్టె), దానికి సొంత బ్యాటరీలు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టండి. పని మొదలుపెట్టే ముందు ఉంగరాలు, కడియాలు తీసేయండి.

తీగ సైజు లెక్క బ్యాటరీ దిగిపోయినప్పటి వోల్టేజీతో వేయాలి. ర్యాక్ లోడు 600 వాట్లనుకుంటే, 43.2 వోల్టుల దగ్గర దాదాపు 14 ఆంపియర్లు. దూరం 8 మీటర్లంటే రానుపోను 16. అందులో 4 చదరపు మి.మీ. తీగ వేస్తే దాదాపు 1 వోల్టు పోతుంది, 6 వేస్తే 0.65. కాబట్టి 6 వేసి, 20 ఆంపియర్ల బ్రేకర్‌ని మైనస్ వైపు పెట్టండి, ఆర్‌టీఎన్‌లో కాదు. ఇంటి బోర్డులోని ఏసీ ఎంసీబీ పీకి పెట్టేవాళ్లకి ఒక మాట: ఏసీ సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి అందులో ఆర్క్ ఆరుతుంది. డీసీ రాదు, ఆర్క్ అంటుకునే ఉంటుంది. డీసీ రేటింగ్ అచ్చువేసి ఉన్నదే కొనండి. దాని మీద ప్లస్, మైనస్ గుర్తులుంటే అవి కూడా పాటించాలి.

తీగ చివర టంకం పెట్టి స్క్రూ బిగించొద్దు, కొన్నాళ్లకి టంకం నలిగి వదులవుతుంది. లగ్గు (తీగ చివర తొడిగే లోహపు తొడుగు) పెట్టి క్రింప్ చేయండి, అంటే పనిముట్టుతో నొక్కి బిగించండి. ముందు ఎర్త్, తర్వాత ఆర్‌టీఎన్, చివర మైనస్, విప్పేటప్పుడు తిరగేసి. ఒకటి పోతే రెండోది ఆదుకోవాలనే ఏ, బీ ఉన్నాయి, రెండింటికీ వేరువేరు బ్రేకర్లు ఇవ్వాలి. ఒకే బ్రేకర్ నుంచి లూపు కొడితే రెండు ఇన్‌పుట్లున్నా లేనట్టే.

ఇక మీరు అడగని విషయం, నన్ను ఎక్కువ భయపెట్టేది. కొత్త రెక్టిఫైయర్ కంట్రోలర్‌కి నెట్‌వర్క్ పోర్టు ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఇంట్లోంచి ఫోన్‌లో బ్యాటరీ చూసుకోవాలని దాన్ని రూటర్‌లో పోర్టు ఫార్వర్డ్ చేసి ఇంటర్నెట్‌కి తెరిచేస్తున్నారు. పాస్‌వర్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే, మాన్యువల్ నెట్‌లోనే దొరుకుతుంది. యంత్రాన్ని దూరం నుంచి చూసి సెట్టింగులు మార్చే ఎస్‌ఎన్‌ఎంపీ పద్ధతిలో పాస్‌వర్డులా పనిచేసే పేరు చదవడానికి ఇంకా ‘పబ్లిక్’, రాసే అనుమతికి ‘ప్రైవేట్’. లోపలికొచ్చినవాడు లో వోల్టేజీ డిస్‌కనెక్ట్ హద్దు (బ్యాటరీ ఎంతకి దిగితే లోడు తెగిపోవాలో ఆ వోల్టేజీ) పెంచితే కరెంటు పోగానే ర్యాక్ ఆరిపోతుంది. ఫ్లోట్ వోల్టేజీ పెంచితే బ్యాటరీలు ఉడికి ఉబ్బుతాయి. మొదటి లాగిన్‌లో పాస్‌వర్డు మార్చమని కూడా అడగని యంత్రాన్ని అమ్మేవాళ్లకి సిగ్గుండాలి. ఆ పోర్టుని కస్టమర్ల ట్రాఫిక్ చేరని విడి వీలాన్‌లో (అదే స్విచ్‌లో వేరుచేసిన నెట్‌వర్క్) పెట్టండి, బయటి నుంచి వీపీఎన్ ద్వారానే చేరండి, ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 3 వాడండి, రాసే అనుమతి మూసేయండి. మీ ఓఎల్‌టీ సెకండ్ హ్యాండ్ కదా, అందులో పాత యజమాని పెట్టిన ఖాతాలు ఉండిపోవచ్చు; సరఫరా ఇచ్చాక ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

ప్రశ్న: భీమిలి బీచ్ దగ్గర మా ర్యాక్‌లో లగ్గులు పచ్చబడుతున్నాయి.

జవాబు: ఉప్పుగాలి. తగరం పూత ఉన్న రాగి లగ్గులు వాడి, జాయింటు మీద హీట్ ష్రింక్ తొడగండి. బ్యాటరీ టెర్మినళ్లకి బిగించిన తర్వాత వాజిలిన్ పూయండి. ఇప్పటికే పచ్చబడినవి గీకి సరిపెట్టొద్దు, కోసి కొత్తవి క్రింప్ చేయండి.